మంచె మీది కేక

జొన్న చేలో మంచె మీద నుంచి ఎవరైనా "ఓ... హో" అని కేకేస్తే పక్క చేనివాళ్లు బదులు పలకాలి. మా ఝరాసంగం వైపు అది అలవాటు. బదులు వచ్చేదాకా కేకేసినవాళ్లు ఊరుకోరు.

పోయిన చలికాలం హైదరాబాద్ నుంచి జాజ్ వాయించేవాళ్లు వచ్చి మా చేల చప్పుళ్లు రికార్డు చేసుకుపోయారు. అందులో అమ్మ కేక ఉంది. నెల తిరగకముందే అమ్మ మంచె మీద కుప్పకూలి ప్రాణం విడిచింది. నాయిన ఆ రోజు అల్లం బస్తాలతో జహీరాబాద్ మార్కెట్లో ఉన్నాడు. అమ్మ చాలాసేపు కేకేసిందట. దూరాన మేకలు కాస్తున్న శివమ్మ విని, ఆమె మొగుడు సంగప్ప పలుకుతాడులే అనుకుందట.

అప్పటి నుంచి నాయినకు ఒకటే కోరిక. ఆ గొంతు వినాలి, బదులివ్వాలి.

ఆ జాజ్ వాళ్లు జహీరాబాద్ ఫంక్షన్ హాల్లో వాయిస్తారని తెలిసి నాయినను తీసుకెళ్లాను. శాక్సాఫోన్ కీచుమంది, మూలిగింది. డ్రమ్ము దాని దారిన అది పోయింది.

"పెండ్లి బ్యాండోళ్లు నయం," అన్నాడు నాయిన.

"జాజ్ గట్లనే ఉంటది పెద్దాయనా," అన్నాడు వెనక కూర్చున్నాయన.

"గట్లయితే బోరు మోటరు కాడ కూసుంటే సరిపోతుండె."

అంతలో వాద్యాల నడుమ నుంచి వచ్చింది. "ఓ... హో."

నాయిన నా చెయ్యి పట్టుకున్నాడు. కేక మళ్లీ వచ్చింది. మళ్లీ. రికార్డును తిప్పి తిప్పి వేస్తున్నారు. నాయిన లేచి నిలబడ్డాడు.

"ఓ... హో. ఈడనే ఉన్ననే బస్వమ్మా."

శాక్సాఫోన్ ఆయన వాయించడం ఆపాడు. డ్రమ్ము ఆగింది. అమ్మ మాత్రం ఆగలేదు. అదే కేక, అదే సాగదీత, ఏమీ విననట్టు. నాయిన ఇంకా గట్టిగా పలికాడు. గొంతు పగిలింది. ఇదీ కచేరీలో భాగమనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు.

వేదిక పక్కన కంప్యూటర్ ముందున్న అమ్మాయి నాయిన వంక చూసింది. వేలు కదిపింది. కేక సగంలో తెగింది.

నాయిన కూర్చున్నాడు. "ఇన్నది బిడ్డా. ఊకున్నది."

ఆ వేలు నేను చూశాను.

"ఇన్నది నాయినా," అన్నాను.

తిరుగు ఆటోలో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఇన్ని నెలల్లో అంత గాఢమైన నిద్ర నేను చూడలేదు. చెరకు తోటలు దాటి జొన్న చేలు మొదలయ్యాయి. తెగిపోయిన సగం కేక ఇప్పుడు నా చెవుల్లో ఇంజిన్ చప్పుడు కింద సాగుతోంది. బదులు పలకబోయి, నాయిన లేస్తాడని నోరు మూసుకున్నాను.