మనవాళ్ల పుస్తకాలు

మెదక్‌లోని ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్పే సలోమి టీచరే లైబ్రరీ కూడా చూసుకునేది. ఈ ఏడాది ఆమె తలుపు పక్కనున్న అరకు "ఇవి చదివి చూడండి" అని అట్టముక్క అంటించి కొన్ని పుస్తకాలు పెట్టింది. తండాలో పెరిగిన లంబాడా ఆమె రాసుకున్న జీవితం, ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చిన ముస్లిం ఇళ్ల కథలు, మాదిగవాడలో పుట్టిన రచయిత నవల, ఎక్కడో ఆఫ్రికాలో రాసిన నవలకు అనువాదం. పిల్లలు వాటికోసం పోటీ పడ్డారు.

ఒక సోమవారం ఆమె వచ్చేసరికి అర ఖాళీగా ఉంది. పుస్తకాలన్నీ హెడ్మాస్టర్ కృష్ణమోహన్ తన గదిలోని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఎవరో పేరెంట్ ఫోన్ చేశారని, పిల్లలకు మనవాళ్ల పుస్తకాలు చాలని అన్నాడు.

"మనవాళ్లంటే ఎవరు సార్?" అని అడిగింది సలోమి.

"జర అర్థం చేసుకోండ్రి మేడమ్. లేనిపోని లొల్లి మనకెందుకు?"

వాటిలో ఒక్కటైనా చదివారా అని ఆమె అడిగితే, చదవాల్సిన పనేముంది, రాసినవాళ్ల పేర్లు చూస్తే తెలియడం లేదా అన్నాడు. సలోమికి ఒళ్లు మండిపోయింది. ఆ మాట ఎలాంటి పేరున్న మనిషితో అంటున్నాడో ఆయనకు తట్టనే లేదు.

శనివారం పేరెంట్స్ మీటింగ్ జరిగింది. మార్కుల మాటలు అయ్యాక సలోమి లేచి, లైబ్రరీ పుస్తకాల మీద అభ్యంతరం ఎవరిదో, ఎందుకో అందరి ముందూ చెప్పమంది. హెడ్మాస్టర్ కూర్చోమని సైగ చేశాడు. ఆమె కూర్చోలేదు.

ముందు వరసలోంచి సుధాకర్ లేచాడు. పాపన్నపేటలో పొలాలు, టౌన్‌లో ఎరువుల దుకాణం ఉన్న మనిషి. ఫోన్ చేసింది తానేనన్నాడు. ఈ పుస్తకాలు పిల్లల బుర్రలు ఖరాబు చేస్తున్నాయని, బడిలో కులాల ముచ్చట ఎందుకని గట్టిగా అడిగాడు.

తొమ్మిదో తరగతి చదివే ఆయన కూతురు వర్షిత పక్కనే తల వంచుకుని కూర్చుంది. తండ్రి మాట ఆగగానే లేచి నిలబడింది.

"పుస్తకం ఏం చెయ్యలే డాడీ. నాట్లకొచ్చిన బాలమణవ్వకు మనింట్ల వేరే గ్లాసు ఎందుకని నేనే అడిగిన. నువ్వు జవాబు చెప్పలే. బడికి ఫోన్ చేసినవ్."

సుధాకర్ కూతుర్ని కూర్చోమన్నాడు గానీ ఎవరి వైపూ చూడలేకపోయాడు.

అప్పుడు వెనక నుంచి తాజ్ బీ లేచింది. వర్షిత క్లాసులోనే చదివే అఫ్షాకు తల్లి; బట్టలు కుడుతుంది.

"మా బిడ్డ గా కథలు ఇంటికి తెచ్చి నాకు చదివి వినిపిచ్చింది. మా అసుంటోళ్లు పుస్తకాలల్ల ఉంటరని నాకు గప్పుడే తెలిసింది. గవి బీరువాల పెట్టిండ్రంటే మమ్మల్ని బయటికి పొమ్మన్నట్టే సార్."

హెడ్మాస్టర్ అందరినీ చాయ్ తాగమని చెప్పి మీటింగ్ ముగించాడు. తాజ్ బీ చాయ్ ముట్టలేదు. ఇంకొందరు తల్లులతో కలిసి ఆయన గది ముందు వరండాలో కూర్చుంది. పుస్తకాలు బయటికి వచ్చేదాకా కదిలేది లేదన్నారు. మధ్యాహ్నానికి ఆయన బయటికొచ్చి, పేరెంట్ సంతకం ఉంటేనే ఆ పుస్తకాలు ఇస్తామని కొత్త మెలిక పెట్టాడు.

"గట్లయితే లైబ్రరీల ఉన్న అన్ని పుస్తకాలకు సంతకం అడుగుదాం సార్," అంది సలోమి. "గివొక్కటే ఏం తప్పు చేసినయ్?"

ఆయన వరండాలో కూర్చున్న తల్లుల వైపు ఒకసారి చూసి తాళంచెవి తీశాడు. బీరువా తెరిచాడు. సలోమి, ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాలు మోసుకెళ్లి మళ్లీ అరలో సర్దారు. సుధాకర్ అప్పటికే కారెక్కి వెళ్లిపోయాడు. ఇంటికి వెళ్తే ఏమవుతుందోనని వర్షిత అంటుంటే, తాజ్ బీ తోడు వస్తానంది.

సోమవారం స్టాఫ్ రూంలో కృష్ణమోహన్ నవ్వుతూ, మీ మాటే నెగ్గింది కదా, ఒక్క థాంక్స్ అయినా చెప్పరా అన్నాడు. పిల్లల పుస్తకాలు పిల్లలకిస్తే థాంక్స్ దేనికని అడిగింది సలోమి. ఆమెకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోవాలనీ అనిపించలేదు. చాక్‌పీస్ తీసుకుని క్లాసుకు వెళ్లిపోయింది.