తూర్పు కిటికీలో పడమటి మబ్బు

దూది మీద పసుపు.

పుల్లకు చుట్టిన చిన్న దూది ఉండ. మందులో ముంచి, బొమ్మ మీద మెల్లగా దొర్లిస్తాను. తెల్లగా వెళ్ళింది పచ్చగా తిరిగొస్తుంది. అది పారేసి ఇంకొకటి. మళ్ళీ పసుపు. ఇంకొకటి...

రంగుల బొమ్మ మీద పూసిన పాత వార్నిష్ ఇలాగే వదులుతుంది. ముప్పై ఏళ్ళ పొగ, దుమ్ము, ఎవరింటి వంటగది జిడ్డో — అంతా దూదికెక్కుతుంది. కింద ఒక ఉదయం బయటపడుతుంది.

మా అక్క వేసిన ఉదయం.

పాత బొమ్మలు శుభ్రం చేయడం నా పని. ఎన్ని ఆకాశాలు కడిగి పంపానో నాకే గుర్తు లేదు. ఇది మాత్రం నా బల్ల మీదికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. తెచ్చినావిడకు నేనెవరో తెలియదు. వాళ్ళమ్మ ఎప్పుడో కొన్న బొమ్మట. గుడ్డ విప్పి, ఎడమ మూల వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడేదో మరక ఉందండీ. ఇది కూడా పోతుంది కదా?"

చూస్తానన్నాను.

అది మరక కాదు. మబ్బు.

నేను వేసిన మబ్బు.

అక్క గదికి ఒకటే కిటికీ. తూర్పు వైపు.

తెల్లవారగానే దాని ముందు కూర్చునేది. అవిసె నూనె వాసన, టర్పెంటైన్ వాసన వంటింటి దాకా వచ్చేవి. ముందు ఆకాశం వేసేది. ఇళ్ళ కప్పులు, నీళ్ళ ట్యాంకు, మిల్లు గొట్టం ఎక్కడికీ పోవు, వాటిని రేపైనా వేసుకోవచ్చు. ఆకాశం మాత్రం ఒక్క పూటలో అయిపోవాలి. ఇవాళ్టి ఆకాశాన్ని రేపు ముట్టుకుంటే అది అబద్ధమే అని అక్క వాదన.

నీలంలో చిటికెడు ఎరుపు కలిపేది. ఎందుకే అంటే, సరిగ్గా చూడు, ఉంది అనేది. కళ్ళు చిట్లించి చూసేదాన్ని. ఉంటేగా!

బొమ్మ అయ్యాక వెనక పెన్సిలుతో రాసేది. ఎన్నింటికి. గాలి ఎటు. వాన వస్తుందా, రాదా.

అమ్మ తడిబట్టల బకెట్టుతో గుమ్మంలో నిలబడి అడిగేది. అక్క కుంచె ఆపకుండానే చెప్పేది.

"రాదమ్మా, ఆరేసుకో."

ఎప్పుడూ తప్పలేదు. రేడియోలో వాతావరణం చెప్పేవాడికి మా సందులో పూచికపుల్ల విలువ లేదు. పక్కింటి పిన్నిగారైతే, మీ పెద్దదేమంటోందమ్మా అని గోడ మీంచి అడిగాకే పరుపులు ఎండలో వేయించేది.

నాకప్పుడు పదమూడేళ్ళు. ఒక రోజు అక్క నా చేతిలోంచి కుంచె లాక్కుంది. నీకు ఆకాశమంటే నీలమే, నీకు చూడ్డం రాదే అంది. మామూలుగానే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఉదయం డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. వెనక్కి తిరిగితే — పడమట ఒక మబ్బు.

కిందికి దిగిన మబ్బు. దాని అడుగు పలక రంగులో ఉంది. ఆ పలక రంగు అంచున, ఎక్కడో, కాస్త ఆకుపచ్చ. మా వైపే వస్తోంది. అక్క కిటికీలోంచి అది కనిపించదు.

కింద అమ్మ ఇంకో బకెట్టుతో అడుగుతోంది. అక్క గొంతు: "రాదమ్మా, ఆరేసుకో."

పిన్నిగారు పరుపులన్నీ పైకెక్కించింది. ఆవిడ్ని చూసి ఇంకో నాలుగిళ్ళవాళ్ళు కూడా.

నేను నోరు మెదపలేదు.

మెట్లు దిగి, ఒక్కసారి పడమటికి చూడవే అక్కా అంటే నా సొమ్మేం పోయేది? ఏమీ పోయేది కాదు. చూడ్డం రాదన్నావుగా, అనుకున్నాను. అనుకుని, తీరిగ్గా చివరి దుప్పటి కూడా ఆరేశాను.

మధ్యాహ్నానికి వాన. మామూలు వాన కాదు. తడిసిన పరుపుల కింద మనుషులు, తిట్లు, అరుపులు, ఆపైన సందు సందంతా నవ్వులు. ఆ రోజు నుంచీ అక్క పేరు వానరాదమ్మ.

మొదటి వారం అక్క కూడా నవ్వింది. తర్వాత నవ్వలేదు.

అమ్మ అడగడం మానేసింది. బకెట్టు పట్టుకుని ఆ గుమ్మం దాటి, నేరుగా డాబా ఎక్కేది. అన్నిటికంటే అదే నేను చూడలేకపోయాను.

నూనె రంగులు ఆరడానికి ఆరు నెలలు. ఆరాక అక్క ఆ వాన రోజు ఉదయం వేసిన బొమ్మకు వార్నిష్ వేసింది. పెద్ద హాల్లో ప్రదర్శన. సందువాళ్ళంతా వస్తామన్నారు. వానరాదమ్మ ఆకాశం చూడాలిగా మరి, అన్నారు.

అక్క మేకులు కొనడానికి వెళ్ళింది. నేను కుంచె తీశాను.

ఎడమ మూల, మిల్లు గొట్టం వెనక, ఒక మబ్బు. అక్క వానను ముందే చూసిందని అందరికీ చెప్పే మబ్బు. తూర్పు కిటికీలో పడమటి మబ్బును తెచ్చి పెడుతున్నానని తట్టనే లేదు. మన తెలివి అంతవరకే!

హాల్లో అక్క ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా వైపు చూసింది. కొన్నావిడను రెండు వారాలు ఆగమని చెప్పి, బొమ్మ ఇంటికి తెచ్చి తలుపు వేసుకుంది.

నా మబ్బును తుడిచేస్తోందనుకున్నాను. ఆ రెండు వారాలూ ఆ గది ఛాయలకు వెళ్ళలేదు. తర్వాత బొమ్మ వెళ్ళిపోయింది.

అక్క ఆ తర్వాత ఎన్నో ఆకాశాలు వేసింది. నాలుగు వైపులా కిటికీలున్న ఇల్లు వెతుక్కుంది. మేమిద్దరం లోకంలో ఉన్నవన్నీ మాట్లాడుకున్నాం... ఆ మబ్బు తప్ప. ఈసారి వెళ్ళినప్పుడు అడుగుదాం, ఈసారి అడుగుదాం అనుకుంటూనే ఉన్నాను. మూడేళ్ళ కిందట అక్క పోయింది.

ఇప్పుడు నా బల్ల మీద ఆకాశం తేటబడింది. కుడి నుంచి ఎడమకు, జానెడు జానెడు.

నీలంలో చిటికెడు ఎరుపు.

కనిపించిందే అక్కా. ఇన్నాళ్ళకు.

మూలకు వచ్చాను. మబ్బు మీద దూది దొర్లించాను. పసుపు.

చెయ్యి ఆగిపోయింది. నా మబ్బు మీద నేను వార్నిష్ వేయలేదు. అక్కడ దుమ్ము మురికి రావచ్చు గానీ, ఈ వార్నిష్ పసుపు రాకూడదు.

ఆ రెండు వారాలూ అక్క తుడవలేదు. ఆరనిచ్చింది. ఆరినంత వరకు ఆరనిచ్చి, చెదరకుండా పైన ఇంకో పూత వార్నిష్ వేసింది.

బొమ్మ తిరగేసి, వెనక ఎవరో కొట్టిన అట్ట ఊడదీశాను. పెన్సిలు గీతలు, అక్క అక్షరాలు.

"ఉదయం ఏడు. గాలి లేదు. వాన రాదు."

కింద, ఇంకో పెన్సిలుతో:

"వచ్చింది. మబ్బు చెల్లి చూసింది."

బొమ్మ మళ్ళీ ఇటు తిప్పి మబ్బును చూశాను.

పలక రంగు. అంచున ఆకుపచ్చ. చూడనిదాన్ని ఎవరూ అలా వేయలేరు. హాల్లో నిలబడ్డ ఆ కాసేపట్లోనే అక్క పట్టేసింది. నేను డాబా మీద చూశానని. చూసి చెప్పలేదని. చూడ్డం వచ్చని.

మందలించిందా, మెచ్చుకుందా? ఎవర్ని అడగను?

వేసినవాళ్ళది కానిది ఏదీ బొమ్మ మీద ఉండకూడదు. నా పనికి అదొక్కటే నియమం. మబ్బు కింద మొదటి వార్నిష్ ఉంది. అది కరిగితే మబ్బు కూడా దూదితో వచ్చేస్తుంది. వదిలేస్తే ఇంత తేట ఆకాశంలో ఆ మూల మాసిపోయి ఉంటుంది. సాయంత్రం ఆవిడ వస్తుంది. మరక పోయిందా అని అడుగుతుంది.

కిటికీ బయట ఎవరో ఎవరినో అడుగుతున్నారు, బట్టలు తీసేయమంటారా అని.

ఇంకో ఉండ చుట్టాను. మందులో ముంచాను. మబ్బు దగ్గరికి తెచ్చాను...

దూది ఇంకా తెల్లగానే ఉంది.