కాగులో కలిసిన పచ్చజొన్న

ఏటా బస్తా మోసి మోసి నడుం పట్టేసిందంటూ వచ్చే ఓదెలు, ఆ ఏడు మృగశిర కార్తెలో చంకలో మడిచిన ఖాళీ గోనెసంచితో పట్నంలో, శాలిబండలోని అక్క గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆగమ్మ తమ్ముడి చేతుల వంక ఒకసారి చూసి, ఏమీ అడగకుండా చెంబుతో నీళ్లిచ్చింది. అడగడానికేముంది? నారాయణఖేడ్ దిక్కు రెండేళ్లుగా కరువని అందరికీ తెలుసు.

ఓదెలు ఊరి పచ్చజొన్న అంటే ఆ ఇంట్లో అందరికీ ప్రాణం. పసుపు రంగు గింజ. దాని రొట్టె ఎంత పలచగా కొట్టినా పగలదు, పొద్దుటిది సాయంత్రానికీ మెత్తగా ఉంటుంది. ఆగమ్మ భర్త భిక్షపతి బస్సు డిపోలో కొలువు చేస్తూ పట్నంవాడైపోయాడు గాని, నాలుక మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. అతని తల్లి సక్కుబాయి సంగతి మరీ కష్టం. పచ్చజొన్న తప్ప ఏది తిన్నా ఆమెకు ఒంటికి పడదు. రేషన్‌లో కొత్తగా ఇస్తున్న ఎర్రజొన్న ఒక్కపూట తిన్నందుకే మంచం పట్టి లేచింది. ఆ ఎర్రజొన్న ఏ దేశం నుంచి ఓడెక్కి వచ్చిందో గాని, దాన్ని తినేకంటే క్యూలో నిలబడడమే సులువు.

"ఊర్ల గింజ లేదక్కా," అన్నాడు ఓదెలు. "విత్తనం సుత తిన్నం. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే ఎన్నాళ్లని దాస్తం? ఇప్పుడేమో వాన పడ్డది. ఎవుసం ఆఫీసోళ్లు కొత్త సంకరం విత్తనం ఇస్తమంటున్నరు. అందరు అదే ఏస్తే మన పచ్చజొన్న ఇగ లేనట్టే. చుట్టుపక్కల ఊర్లన్ని తిరిగిన, పిడికెడు దొరకలే. మునుపు నేను తెచ్చినయి నీ తాన ఏమన్న మిగిలినయా?"

ఆగమ్మకు ప్రాణం లేచివచ్చింది. మిగిలాయి. అత్త ఒక్కదానికే వండుతూ, వేపాకు వేసి మట్టికాగులో భద్రంగా దాచింది. గబగబా లోపలికి వెళ్లి మూత తీసి చెయ్యి పెట్టింది. గుప్పిట్లోకి వచ్చిన గింజల్లో సగం పసుపు, సగం ఎరుపు.

"అత్తా, ఎర్రజొన్నలు దీంట్ల ఎవరు పోసిన్రు?"

"నేనే పోసిన," అంది సక్కుబాయి కొంచెం గొప్పగానే. "కాగు అడుగు చేతికి తగులుతున్నది. గింజల కాగు వట్టిగ కావొద్దు, అడుగు తగలంగనే మీద ఇంత పొయ్యాలె. మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెప్పిన. నువ్వు మర్చినవ్, నేను మర్వలే."

ముసలమ్మను ఏమనాలి? పల్లెలో ఏ ఇంటి పద్ధతైనా అదే. అక్కడ పాత గింజ మీద పోసే కొత్త గింజ కూడా ఆ చేలోదే. ఇక్కడ రేషన్ షాపు గింజ వచ్చి పడుతుందని సక్కుబాయి అత్త కలగన్నదా?

ఓదెలు గింజలు చూసి నీరసంగా గోడకు ఆనుకున్నాడు. "కలిపి ఏస్తే జాతే చెడ్తదక్కా. పోనియ్. పొద్దున బస్సుకు పోయి ఆఫీసు విత్తనమే తెచ్చుకుంట."

"కూసో," అంది ఆగమ్మ. "నువ్వు పొయ్యేది రేపు గద."

వాకిట్లో చాప పరిచి కాగు బోర్లించింది. కొంగు నడుముకు దోపి, చేటలో కొన్ని గింజలు పోసుకుని ఏరడం మొదలుపెట్టింది. పక్కింటి సుగుణమ్మ తొంగిచూసి, "ఏందమ్మా, చీమలకు పెండ్లా?" అని నవ్వింది. విషయం తెలిశాక నవ్వు ఆపి తన చేట తెచ్చుకుని కూర్చుంది. ఎదురింటి ఖైరున్నీసా, లక్కగాజులకు రాళ్లు అద్దే మనిషి, కోడళ్లిద్దరినీ పిలుచుకొచ్చింది. "రంగు చూసి ఏరుడే మా కామ్, ఆగమ్మా. ఫికర్ నక్కో," అని దిగులు పడొద్దన్నట్టు చెయ్యి ఊపింది. నిజమే, ఆ ముగ్గురి వేళ్లు ఆడుతుంటే ఓదెలు నోరు తెరిచి చూశాడు. కాసేపటికి సిగ్గేసి తనూ ఒక చేట లాక్కున్నాడు.

సక్కుబాయి కూడా వచ్చి కూర్చుంది. ఆమె ఏరిన కుప్పలో మళ్లీ ఎరుపూ పసుపూ కలిసే ఉన్నాయి. ఆగమ్మ ఆ కుప్పను తన చేటలోకి లాక్కుంది. ముసలామె అది గమనించి, లేచి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆగమ్మ అటు చూసింది. అయినా చెయ్యి ఆపలేదు.

పొద్దు వాలేసరికి ఏరడం అయిపోయింది. పసుపు గింజలన్నీ సంచిలో పోస్తే అడుగున ఒక మూలకు వచ్చాయి. "ఎకరం ఏసే మందం ఉంటది," అన్నాడు ఓదెలు. పొద్దున్నుంచి అతను నవ్వడం అదే మొదలు. "మల్ల ఏటికి ఊరంతటికి విత్తనమైతది."

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన భిక్షపతి సంచి చూశాడు, ఖాళీ కాగు చూశాడు.

"మా అవ్వ ఏం తినాలె?"

ఓదెలు సంచి మూతి విప్పబోయాడు. "బావ చెప్పింది నిజమే. నెల మందమన్న తీస్త."

"తియ్యకు," అంది ఆగమ్మ. "నెల తింటది, నెల తర్వాత ఏం పెడ్తం? గది అయిపోతే ఇగ ఎక్కడ లేదు."

"నీ అవ్వయితే గిట్లనే అంటుంటివా?" భిక్షపతి గొంతు లేచింది.

"అంటుంటి." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సంచి మూతి మాత్రం తాడుతో బిగించి ముడి వేసింది. అత్త మళ్లీ మంచం పడితే ఆ పాపం తనదేనని ఆమెకు తెలుసు. తెలిసే వేసింది.

మంచం మీద నుంచి సక్కుబాయి అంతా వింది.

ఆగమ్మ పొయ్యి ముట్టించి ఎర్రజొన్న పిండి మరుగునీళ్లతో కలిపింది. రొట్టె చేతి కిందే పగిలింది. అతికించి కాల్చింది. మజ్జిగలో ముక్కలు చేసి, మెత్తగా పిసికి, గిన్నె పట్టుకుని అత్త పక్కన కూర్చుని ముద్ద నోటికందించింది. సక్కుబాయి ముద్దను చాలాసేపు నమిలింది. ముఖం చిట్లించి, కష్టంగా మింగింది.

"మంచిగ లేదు," అంది. "ఇంకో ముద్ద పెట్టు."