కుంటి పొట్టేలు సాక్ష్యం

మా వదిన కొండమ్మకు దగ్గు పట్టుకున్నప్పటి నుంచి ఆమె కొడుకు శ్రీహరికి గొర్రెల మీద పగ పుట్టింది.

"ఆ దొడ్డి దుమ్ముకే ఇదంతా. మందను అమ్మేద్దాం," అని అన్నం ముందు కూర్చున్నా అనేవాడు, మంచం మీద వాలినా అనేవాడు.

"నేను మంద వెనక నడిచినన్ని రోజులు దాని జోలికి రావద్దు," అనేది వదిన.

ఆ నడక దగ్గరే ఉంది చిక్కు. మోకాళ్లు పట్టేసి మూలన కూర్చున్న మనిషి, ఎవరో చెబితే దుకాణంలో కొన్న తెల్ల బిళ్లలతో లేచింది. అప్పటి నుంచి రోజూ మింగుతూనే ఉంది. అవి ఆమె వక్కాకు సంచిలో ఉంటాయని నాకొక్కదానికే తెలుసు. మేం ముగ్గురం మార్కాపురం ఆసుపత్రికి బస్సెక్కే ముందు, బిళ్లల మాట నా నోట రాకూడదని మంద మీద ఒట్టు వేయించుకుంది. సంగతి తెలిస్తే డాక్టరు వాటిని మానిపిస్తుంది, మోకాళ్లు పడిపోతాయి, శ్రీహరి మందను అమ్మేస్తాడు. అదీ ఆమె భయం.

డాక్టరు ప్రసన్న అంతకు ముందే స్కానింగ్ తీయించి, కఫం పరీక్షకు పంపింది. టీబీ లేదు, షుగర్ లేదు.

"అవ్వా, నీ కఫంలో నోకార్డియా అనే బ్యాక్టీరియా పెరిగింది. మట్టిలో, ఎరువు దుమ్ములో ఉంటుంది. అందరం పీలుస్తాం. గట్టి ఒళ్లయితే దాన్ని తరిమేస్తుంది. నీ ఒళ్లు ఎందుకు తరమలేకపోయిందో తెలియడం లేదు. ఏమన్నా మాత్రలు వాడుతున్నావా?"

"తలనొప్పికి కూడా వెయ్యనమ్మా. సుబ్బుల్ని అడుగు."

డాక్టరు నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"కీళ్ల నొప్పులకు?"

"నాకు నొప్పులేంది? మా వాడికంటే బాగా నడుస్తా."

"అదే నా అనుమానం," అంది డాక్టరు.

"మేడం, గొర్రెల వల్లే," అన్నాడు శ్రీహరి. "ఆదివారం బేరగాడు వస్తున్నాడు."

వదిన ముఖం వాడిపోయింది. నాకు ఒక ఆలోచన వచ్చింది. బిళ్లల మాట ఎత్తనని ఒట్టు వేశాను గానీ, గొర్రెల మాట ఎత్తనని వేయలేదు.

"మేడం, ఈమే గొర్రెలకు డాక్టరు," అన్నాను. "మొన్న మా పొట్టేలు కుంటితే ఈమే లేపి నిలబెట్టింది."

"నిలబెట్టడం ఏంది, పరిగెత్తించినా," అంది వదిన. "మూడు కాళ్ల మీద ఇంటికొచ్చింది, తెల్లారేసరికి నాలుగు కాళ్ల మీద నన్నే పొడవనీకి వచ్చింది."

"ఏం పెట్టినావవ్వా?"

"బెల్లంలో నలిపి నా బిళ్ల సగం..."

వదిన నోరు మూసుకుంది. పొట్టేలు అప్పటికే పరిగెత్తేసింది.

"ఆ మిగతావి చూపించు," అని డాక్టరు చెయ్యి చాపింది.

వక్కాకు సంచి బల్ల మీదికి వచ్చింది. డాక్టరు అట్టను తిప్పి చూసింది. "ఇది స్టెరాయిడ్. నొప్పిని అణుస్తుంది, ఒంట్లో కాపలావాళ్లను నిద్రపుచ్చుతుంది. అట్లని ఒక్కసారిగా ఆపితే ఇంకా ప్రమాదం. నేను చెప్పినట్లు తగ్గిస్తూ రావాలి. ఈ జబ్బుకు వేరే మాత్రలు రాస్తాను, నెలల తరబడి మింగాలి. దగ్గు తగ్గిందని మధ్యలో మానేస్తే మళ్లీ తిరగబడుతుంది. నీళ్లు బాగా తాగు, రక్త పరీక్షలకు రా. మోకాళ్లకు వేరే దారి చూద్దాం."

"మరి గొర్రెలు?" అన్నారు తల్లీకొడుకులు ఇద్దరూ.

"దొడ్డి ఊడ్చొద్దు, ఎరువు ఎత్తొద్దు."

"అమ్మమనలేదు గదా?" అంది వదిన.

"నేను అనలేదు."

తిరుగు బస్సు త్రిపురాంతకం దగ్గరికి వచ్చాక వదిన నా వైపు తిరిగి, "ఒట్టు తప్పినావు," అంది.

"బిళ్ల అన్నది నువ్వే వదినా."

వదిన నవ్వు ఆపుకోలేక దగ్గింది. ఆ వెంటనే కొడుకు వైపు తిరిగింది. "ఒరే, అన్ని నెలలు మాత్రలు మింగాలంటే నా కళ్ల ముందర మంద ఉండాల. మందను అమ్మినరోజే మానేస్తా."

ఆదివారం బేరగాడు వచ్చేసరికి శ్రీహరి మూతికి తువాలు కట్టుకుని దొడ్డి ఊడుస్తున్నాడు. వదిన దూరంగా, దుమ్ము తన మీదికి రాని వైపు మంచం వేయించుకుని కూర్చుంది.

"నీళ్లు చల్లి ఊడ్చు నాయనా, దుమ్ము లేస్తే డాక్టరమ్మ తిడతది," అంటోంది.

ఇప్పుడు ఆమె దగ్గు బాగా తగ్గింది. శ్రీహరి దొడ్డిలోకి వస్తే చాలు, ఆ పొట్టేలు మాత్రం తల వంచి, పొడవడానికి నాలుగడుగులు వెనక్కి వేస్తుంది.