ఎదురుమర

లిఫ్టు మెకానిక్‌కు ఇంట్లో ఇంకో పేరుంది. పేరు పెట్టింది భార్యే అయినా, మాట అందించింది మాత్రం ఆయనే. పెళ్లయిన కొత్తలో ఆమె గ్యాసు సిలిండరు మూతి దగ్గర నట్టుతో కుస్తీ పడుతుంటే, ఆయన గోడకు ఆనుకుని పాఠం చెప్పాడు. "అది మామూలు మర కాదు, ఎదురుమర. లోకంలో ఏ నట్టయినా ఎడమకి తిప్పితే వదులవుతుంది. దీన్ని కుడికి తిప్పాలి. ఎడమకి తిప్పేకొద్దీ బిగుసుకుంటుంది." ఆమె నట్టు వంకా మొగుడి వంకా మార్చి మార్చి చూసి, "అయితే మనింట్లో ఇలాంటివి రెండున్నాయన్నమాట" అంది. ఆ రోజు నుంచి ఆయన ఎదురుమర.

పేరుకు న్యాయం చేస్తూనే వచ్చాడు పాపం. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి. వానొస్తుంది గొడుగు తీసుకెళ్లమంటే ఇంట్లో పెట్టి వెళ్లేవాడు, అక్కర్లేదన్న రోజున చంకలో పెట్టుకుని బయల్దేరేవాడు. కంపెనీలో ఈ వేషాలేం లేవు. అక్కడ పై అధికారి చెప్పింది చెప్పినట్టు చేస్తాడు కాబట్టి ఆయన చూసే లిఫ్టులన్నీ బుద్ధిగా ఎక్కి దిగుతుంటాయి. ఇంట్లోనే ఎవరి మాటా చెవినెక్కదు. ఆయన బాగుచేసిన టేబుల్ లైటు వెలగాలంటే పక్కగది తలుపు దబ్బున వెయ్యాలి. ఆయన బాగుచేసిన సైకిల్ని కూతురు ఆఖరికి నడిపించుకునే కాలేజీకి వెళ్లింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏ వస్తువు పాడైనా తండ్రికి తెలియకుండా బయట చేయించుకోవడం మొదలుపెట్టింది. ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉండేవాడు గానీ, లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

ఇప్పుడు కూతురు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తోంది. ఆదివారాలు మాత్రం ఎయిర్‌సాఫ్ట్ ఆడుతుంది. అంటే చూడ్డానికి అచ్చం నిజం తుపాకిలా ఉండే ఆట తుపాకితో ప్లాస్టిక్ గుళ్లు పేల్చుకుంటూ, పాడుబడ్డ గోదాములో రెండు జట్లు ఒకదాన్నొకటి వేటాడుకునే ఆట. రేపటి ఆటలో మొదటిసారి జట్టును నడిపించే బాధ్యత ఆ పిల్లకిచ్చారు. వారం రోజులుగా అన్నం తింటూ కూడా బల్లమీద వేలితో గోదాము గీసుకుంటోంది.

కష్టమల్లా తుపాకితోనే వచ్చింది. గొట్టం చుట్టూ ఎడమచేత్తో పట్టుకునే తొడుగు ఒకటుంటుంది, హ్యాండ్‌గార్డ్ అంటారు. తుపాకితో పాటు వచ్చిన ప్లాస్టిక్ తొడుగు పోయినసారి ఇనప పీపా వెనక దూకినప్పుడు పగిలింది. టేపు చుట్టి నెట్టుకొచ్చింది గానీ చెయ్యి పెడితే కిర్రుమంటుంది, గురి కదిలిపోతుంది. అందుకని వేరే కంపెనీ వాళ్లు చేసిన లోహపు తొడుగు తెప్పించుకుంది. సన్నగా, నల్లగా, చిల్లులతో చూడముచ్చటగా ఉంది.

శనివారం మధ్యాహ్నం భోజనాల బల్లమీద పాత దుప్పటి పరిచి, కొత్త తొడుగు, తుపాకి దానిమీద పెట్టి, హాల్లో కునుకు తీస్తున్న తండ్రి దగ్గరికొచ్చింది.

"నాన్నా, కాస్త పట్టుకుంటావా? ఒక్కదాన్నే అయితే తిరిగిపోతోంది."

ఎన్నేళ్లయిందో ఆ నోట అలాంటి మాట విని. ఆయన లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది. అటకెక్కి పనిముట్ల పెట్టె దింపాడు. కూతురు అడిగింది రెండు చేతులు, ఆయన తెచ్చింది సగం కార్ఖానా.

"ఇటివ్వు" అన్నాడు.

"నువ్వు పట్టుకో చాలు నాన్నా, నేను..."

"నువ్వు పట్టుకో. నేను తిప్పుతా."

పని మొదలైన దగ్గర్నుంచీ శకునాలు బాగాలేవు. కొత్త తొడుగుతో ఇచ్చిన, మరలు తిప్పే చిన్న తాళం మొదటి మరకే మూలలు అరిగి గుండ్రమైపోయింది. ఇలాంటి తాళాలు చేసినవాణ్ని లిఫ్టులో ఇరికించి కరెంటు తియ్యాలన్నాడు ఆయన. ఊడిన మర ఒకటి దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందికి పోయింది. చీపురుపుల్లతో గెలికితే మర రాలేదు గానీ, ఎప్పుడో పోయిన బొత్తాం వచ్చింది. మర కూడా బయటికొచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. పాత తొడుగు మాత్రం ఎలాగో ఊడొచ్చింది.

కొత్తది గొట్టం ముందునుంచి ఎక్కించాలి. దానికి అడ్డం గొట్టం చివరనున్న నారింజ రంగు మూతి. ఇది ఆట తుపాకి అని దూరానికే తెలియడానికి పెట్టే మూతి అది. అది లేకపోతే మైదానంలోకి రానివ్వరు.

ఆయన మూతికి గుడ్డ చుట్టి, పైపు పట్టకారు తగిలించి ఎడమకి తిప్పాడు. కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టాడు. కదల్లేదు.

"నాన్నా, ఆగు."

"గట్టిగా పట్టుకో, జారిపోతోంది."

"ఎదురుమర నాన్నా!"

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. భార్య వెయ్యిసార్లు అన్నా నవ్వుతూ ఊరుకున్న మాట అది. కూతురు మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ అనలేదు. ఈ రోజు, అదీ పనిలో సాయానికి పిలిచి, మొహం మీదే అనేసింది. ఆయనకు చెవుల దాకా వేడెక్కింది.

"ఎదురుమర, నాన్నా! వినపడ్డం లేదా? ఎదురుమర!"

"వినపడింది" అన్నాడు పళ్ల బిగువున. "మీ అమ్మ నేర్పింది కదూ. నువ్వొక్కదానివే మిగిలావు అనడానికి, అనెయ్యి."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పట్టకారు పిడికి పాత ఇనపగొట్టం తొడిగి, ఒళ్లంతా వాల్చి, ఎడమకే లాగాడు.

టక్‌మంది.

ఊడిందనుకుని ఆయన మొహం ఒక్కసారి వెలిగింది. పట్టకారుతో పాటు మూతి చేతికొచ్చింది. దాని లోపల గొట్టం చివర్న ఉండాల్సిన మర, విరిగిన పన్నులా ఇరుక్కుని ఉంది. కూతురు చేతిలో మిగిలిన గొట్టం కొస బోసిగా, గరుగ్గా ఉంది.

ఆ పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఈ మూతికుండేది ఎదురుమర నాన్నా. కుడికి తిప్పాలి. అదే చెప్తున్నాను ఇందాకట్నుంచీ."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక చేతిలో పట్టకారు బరువెక్కింది. ఈ ఇంటికి ఆ మాట నేర్పిందే తను.

"నన్ను తిట్టావనుకున్నాను" అన్నాడు.

"నేను నిన్నెప్పుడు తిట్టాను? పట్టుకోమన్నాను నాన్నా. పట్టుకోమన్నాను, అంతే."

గొట్టం అక్కడే పెట్టి తన గదిలోకి వెళ్లి దబ్బున తలుపేసుకుంది. పక్కగదిలో టేబుల్ లైటు వెలిగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలాగో ఎదురుమరను చూసి నేర్చుకోవాలి. గొట్టాన్ని తుపాకి నుంచి ఊడదీసి, పనిముట్ల సంచిలో పెట్టుకుని స్కూటరు తీశాడు. తెలిసిన లేతు పనివాడు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎదురుమర కొయ్యాలంటే దానికి వేరే డై కావాలి. నా దగ్గర లేదు. అయినా ఇది పోత లోహం, కోస్తే పొడైపోతుంది" అన్నాడు. రెండో చోట తలుపులు వేసేస్తున్నారు. మూడోవాడు జిగురు పెట్టి అంటించుకోమని సలహా ఇచ్చాడు. నాలుగోవాడు తుపాకి గొట్టమని చూసి అసలు ముట్టుకోనేలేదు. అది ఆట తుపాకని చెప్పడానికి సాక్ష్యంగా ఉన్న నారింజ మూతి ఇంట్లో పడి ఉంది. ఎవరిమీద అరవాలో తెలియక ఆయన స్కూటరును ఒక తన్ను తన్నాడు. అది స్టార్టవడం మానేసింది.

చీకటి పడేవేళకు స్కూటరు తోసుకుంటూ ఇంటికొచ్చాడు. లోపల మాటలు వినిపిస్తున్నాయి. జట్టులో ఎవరి దగ్గరో పాత గొట్టం ఒకటి ఉంటే కూతురు వెళ్లి తెచ్చుకుంది. బల్ల దగ్గర మళ్లీ బిగిస్తోంది. ఈసారి పట్టుకోవడానికి తల్లిని పిలిచింది.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇల్లంతా తిరిగి వెతికినా తనకంటే బలమైన చేతులు ఆ ఇంట్లో లేవు. అయినా పిలిచింది తల్లిని. ఆ సంగతి విరిగిన గొట్టం కంటే ఎక్కువ నొప్పెట్టింది ఆయనకు.

"గట్టిగా అమ్మా."

"గట్టిగానే పట్టుకున్నానే. గిన్నెలు తోమిన చేతులు, జారిపోతున్నాయి. పొయ్యి మీద కూర మాడుతోంది కూడా."

ఆయన పనిముట్ల సంచి గుమ్మం బయటే పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"నేను పట్టుకుంటాను."

కూతురు తలెత్తలేదు. "పట్టుకోవడమే."

"పట్టుకోవడమే."

భార్య ఇద్దరి మొహాలూ చూసి వంటింట్లోకి వెళ్లింది. ఆయన గొట్టాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. కూతురు కొత్తగా తెచ్చుకున్న తాళాన్ని వంకరగా పెట్టింది. ఆయన నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగాడు. తొడుగు మీది చిల్లూ గొట్టం మీది చిల్లూ కలవలేదు. వెంట్రుకవాసి ఎడమకి జరిపితే కలుస్తాయని ఆయనకు కనిపిస్తూనే ఉంది. మింగాడు. ఆ పిల్ల విసుక్కుంటూ మొత్తం ఊడదీసి మళ్లీ మొదటికొచ్చింది. అదీ మింగాడు. భుజాలు లాగేస్తున్నాయి, ముక్కు మీద దురద. ఇంత కష్టం ఆయన ఏ లిఫ్టు గుంతలోనూ పడలేదు.

రెండోసారి చిల్లులు కలిశాయి. మరలు ఒక్కొక్కటే దిగాయి. తొడుగు కదలకుండా కూచుంది. ఆఖరున పాత గొట్టంతో పాటు వచ్చిన నారింజ మూతి తీసి, కూతురు మెల్లిగా ఎడమకి తిప్పుతూ బిగించింది.

"ఎదురుమర గారూ" అని వంటింట్లోంచి పిలిచింది భార్య. "భోజనానికి రండి, చల్లారిపోతోంది."

"రాలేను. పట్టుకున్నాను."

కూతురు గుడ్డతో తొడుగు మీది వేలిముద్రలు తుడిచింది. అప్పుడు తలెత్తి తండ్రిని చూసింది.

"అయిపోయింది. ఇక వదిలెయ్యి నాన్నా."

ఎదురుమర వదల్లేదు.