చాయిస్‌లో వదిలేసిన సవరణలు

సోమవారం రెండో పీరియడ్‌లో దయానిధి మాస్టారు బోర్డు మీద రాసిన అమెరికా రాజ్యాంగం అమల్లోకి వస్తుంది. నరసరావుపేటలో, మిఠాయి కొట్టు పైన మూడో అంతస్తులో, పొలిటికల్ సైన్స్ రెండో సంవత్సరం గదిలో. అదీ ఆయన చెప్పినంత మేరకే. చెప్పని ముక్క ఒక్కటి కూడా రాదు.

ముందు ఆయన గీసిన మూడు పెట్టెలు బోర్డు దిగుతాయి. చట్టం చేసేవాళ్ళది కిటికీ పక్కన, అమలు చేసేవాళ్ళది గోడ వారగా, తీర్పు చెప్పేవాళ్ళది ఫ్యాను కింద నేల మీద పరుచుకుని, నడుమెత్తు సుద్ద గోడలై లేస్తాయి. పిల్లలు ఎవరి పెట్టెలోకి వాళ్ళు వెళ్ళి కూర్చుంటారు. ఇన్నేళ్ళకి ఒక పాఠం ఇంత బాగా ఎక్కింది కదా అని మాస్టారు మురిసిపోతారు. పాపం, ఆ మురిపెం హాజరు పిలిచేదాకా కూడా నిలవదు.

పన్నెండు మంది లేచి జ్యూరీగా రెండు బెంచీల్లో సర్దుకుంటారు. క్లాస్ లీడర్ హేమసుందర్, నోట్సుని కామాలతో సహా అప్పజెప్పే ఘనుడు, హాజరు పట్టీ తెరిచి ఒకే ఒక్క పేరు పిలుస్తాడు.

"పసుపులేటి దయానిధి. ముద్దాయి."

"నేనేం చేశాన్రా?"

"నేరమేంటో చెప్పించుకునే హక్కు ఆరో సవరణలో ఉందని మన క్లాసు సువార్త అంటుండేది సార్. సవరణలన్నీ మీరు చాయిస్‌లో వదిలేయమన్నారుగా."

నిజమే. నాలుగేళ్ళుగా ఆ ప్రశ్న పరీక్షలో రావడం లేదు. అందుకని పోయిన నెల్లో ఆ అధ్యాయం మొత్తానికి ఎర్ర పెన్సిల్‌తో అడ్డగీత కొట్టించి, మిగతాది బట్టీ పట్టమన్నారు. పిల్లలు బుద్ధిగా పట్టారు. చెప్పిన మాట వినే పిల్లలంటే ఆయనకి మహా ఇష్టం.

"పోనీ, లాయర్ని పెట్టుకుంటాను."

"అదీ అందులోదే సార్."

"అయితే నోరు విప్పను."

"అది అయిదోది. మీరు మాట్లాడతానే ఉండాలి సార్."

ఆయన నోరు మాట్లాడుతూనే ఉంటుంది. ఆ అధ్యాయం తనూ ఎన్నడూ చదవలేదని, తనకి చెప్పిన సారూ వదిలేయమన్నాడని, ఇరవై రెండేళ్ళుగా ఎవరూ కనుక్కోలేదని చెప్పేస్తుంది. ఫ్యాను మూడు చుట్లు తిరిగేలోగా జ్యూరీ దోషి అంటుంది.

"శిక్షకి హద్దేమన్నా ఉందా?" కిటికీ పక్క పెట్టెలోంచి ఎవరో అడుగుతారు.

"క్రూరంగా ఉండకూడదని ఎనిమిదోది. మనం వదిలేశాం."

"అయితే లేదన్నమాట."

హేమసుందర్ ఎర్ర పెన్సిల్ చెక్కుకుంటాడు. అతనిలో కోపం లేదు, అదే భయం వేసేది. మాస్టారిలో ఇంపార్టెంటు ఏదో చూసి టిక్కు పెట్టి, మిగతాది కొట్టేస్తే సరిపోతుందంటాడు. ఎడం చెయ్యి ఏమీ రాయదు. గీత పడగానే అది భుజం దగ్గరికంటా పోతుంది. నొప్పికి మాస్టారి కళ్ళు తిరుగుతాయి. కూర్చుని కూడా డిక్టేషన్ చెప్పొచ్చు కాబట్టి కాళ్ళు పోతాయి. ఆయన తలలో ఉన్న భార్య రాజ్యం ముఖం ఏ ప్రశ్నకీ జవాబు కాదు కాబట్టి అదీ పోతుంది. ఇందాకటి కంటే అది ఎక్కువ నొప్పి.

పెన్సిల్ చెవి దగ్గరికి వస్తున్నప్పుడు ఆయనకి సువార్త గుర్తుకొస్తుంది.

సువార్త తలుపు బయట ఉంది. మూడు వారాల కిందట, ఆ హక్కులు మనలాంటోళ్ళకి కూడానా సార్ అని అడిగితే, పరీక్షలో వచ్చేది అడిగేటట్టయితేనే లోపలికి రా అని ఆయనే బయట నిలబెట్టారు. మళ్ళీ పిలవడం మరిచిపోయారు. ఆ పిల్ల భుజానికీ ద్వారబంధానికీ మధ్య సాలీడు గూడు కట్టుకుంది. కొట్టేసిన అధ్యాయమంతా చదివింది ఆమె ఒక్కతే.

"సువార్తా, ఎనిమిదోది బోర్డు మీద రాయమ్మా. రాస్తే చాలు, అమల్లోకొస్తుంది. నన్ను బతికించు తల్లీ."

"రాత్తాను సార్," అంటుంది సువార్త. సుద్దముక్క ఆమె చేతిలోనే ఉంది. "అది పరీక్షలో వత్తదా?"

వస్తుందంటే చాలు. ఆ ఒక్క మాట మీద తన ప్రాణం ఉందని మాస్టారికి తెలుసు. అనబోతారు కూడా. కానీ ఇరవై రెండేళ్ళ అలవాటున్న నోరు ఆయనకంటే ముందే అనేస్తుంది.

"రాదమ్మా, వదిలెయ్."

"సరే సార్."

చెవులు రెండూ పోతాయి. కళ్ళు పోతాయి. మిగతా ఒళ్ళూ పోతుంది. నోటికి మాత్రం పెద్ద టిక్కు పడుతుంది. దాన్ని బోర్డు పక్కన డస్టరు తగిలించే మేకుకి తగిలిస్తారు. అది ఒకటో ప్రశ్న దగ్గర్నించి డిక్టేషన్ మొదలుపెడుతుంది.

బయట వరండాలో కాళ్ళు, ఎడం చెయ్యి, కళ్ళు, చెవులు, మిగతా ఒళ్ళు, రాజ్యం ముఖం సువార్త పక్కన వరసగా నిలబడతాయి. సువార్త గూడు చెదరకుండా కాస్త జరిగి చోటిస్తుంది. ఒకటో సవరణ నించి నెమ్మదిగా చెబుతుంది. చెవులు జన్మలో వినలేదన్నట్టు వింటాయి. ఎనిమిదోది రాగానే ఎడం చెయ్యి పరుగున వెళ్ళి తలుపు మీద దబదబ బాదుతుంది.

లోపల నోరు, ఎవరూ తలెత్తకండి, రాసుకోండి అంటుంది. పిల్లలు రాసుకుంటారు.