టోపీ తీసిన పొత్రం

నేను ఒక పింగాణీ కల్వాన్ని. పుట్టుకకి తెల్లమట్టిని. బట్టీలో కాలి, నునుపు తేలి, ఒక ఇంజనీరింగ్ కాలేజీ మట్టి ప్రయోగశాలకి చేరాను. మట్టిని నూరడానికి మట్టినే పంపారు. మనుషులు ఒకరినొకరు నూరుకోవడం చూశాక నాకది వింతనిపించలేదు.

అక్కడ నన్ను వాడింది పసుపులేటి మంజువాణిగారు. మట్టి ఎంత బరువు మోస్తుంది, తడిస్తే ఎంత ఉబ్బుతుంది అని లెక్కగట్టే సాయిల్ మెకానిక్స్ ఆవిడ చదువు. నల్లరేగడంటే ప్రాణం. వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిచ్చే ఆ నేల మీద గోడ నిలవడం కష్టం. సున్నం కలిపితే దాని పొగరు అణుగుతుందని ఆవిడ చాలాచోట్ల చేసి చూపించింది.

మట్టివాళ్లకో ఆచారం ఉంది. నా జోడీ పొత్రానికి రబ్బరు టోపీ తొడుగుతారు. గడ్డ విడిపోవాలి గానీ లోపలి రేణువు పగలకూడదట. తరవాత జల్లెడ పట్టి, కిందికి దిగింది పరీక్షకి తీసుకుని, పైన మిగిలిన పలుకుల్ని కిటికీలోంచి పారేస్తారు. అందరూ అంతే చేసేవాళ్లు, ఆవిడా అంతే చేసింది.

ఒక ఊళ్లో పురుళ్ల కోసం చిన్న ఆరోగ్య కేంద్రం కడుతూ ఆవిడని అడిగారు. మట్టి తెప్పించి, నాలో మెదిపి, సున్నం కలిపి చూసింది. భేషుగ్గా ఉంది. అలాగే కట్టండంది. కట్టిన ఏడాది వానలు వెలిశాయో లేదో, అక్కడి నర్సు నాగరత్నమ్మ బస్సెక్కి నేరుగా ప్రయోగశాలకి వచ్చింది.

“మీరు కలపమన్న సున్నమే కలిపారు మేడమ్. నేల పొంగి లేచింది. తలుపు పడట్లేదు. నొప్పులొచ్చిన పిల్లని తలుపు బార్లా తీసి పడుకోబెట్టనా?”

తప్పు మేస్త్రీదని తోటివాళ్లు తేల్చేశారు. మంజువాణి ఒప్పుకోలేదు. ఆ ఊరి మట్టి మళ్లీ తెప్పించి పరీక్షిస్తే, జల్లెడ దిగిన మట్టి ఎప్పట్లాగే బుద్ధిగా ఉంది. మిగిలింది పారేద్దామని కిటికీ దాకా వెళ్లి ఆగిపోయింది. పలుకులు ఎండకి తళుక్కుమన్నాయి. వెనక్కొచ్చి, పొత్రం టోపీ ఊడబీకి, వాటిని నాలో వేసి కసిగా నూరింది. నా అంచు పెచ్చు లేచింది అప్పుడే. నాకు మాత్రం సంతోషమేసింది.

ఆ పొడి చూసి రసాయన విభాగంవాళ్లు జిప్సం అన్నారు. అది నేలని ఎందుకు ఎత్తిందో చెప్పడానికి వాళ్లకి మట్టి తెలియదు. ముందు ఆ నేలంతా తవ్వించి గరుసు నింపించింది మంజువాణి. ఆ పని సాగిన నాలుగు నెలలూ నాగరత్నమ్మ బడిగదిలో పురుళ్లు పోసింది. ఆ తరవాత, నలభై దాటిన వయసులో, మంజువాణి నన్ను చంకన పెట్టుకుని అకర్బన రసాయన శాస్త్రం చదవడానికి కూర్చుంది. మట్టివాళ్లు రసాయనాల మనిషన్నారు, రసాయనాలవాళ్లు మట్టి మనిషన్నారు. రెంటికీ చెడ్డ రేవడని ఆవిడ వినేలాగానే అనుకున్నారు. ఆవిడ నూరుతూనే ఉంది. ఏళ్లు పట్టినా తేల్చింది. సున్నం, జిప్సం, మట్టిలోని అల్యూమినా నీళ్లతో కలిస్తే సూదుల్లాంటి స్ఫటికాలు పుడతాయి. అవి పెరుగుతూ నేలని పైకెత్తేస్తాయి. జల్లెడ మీద మిగిలినదాన్ని చూడకుండా సున్నం మాటెత్తడం ఆమె శిష్యులెవరూ ఎరగరు.

మంజువాణి పదవీ విరమణ రోజున, అంచు పెచ్చులూడిన నన్ను ఎవరో పాత సామాను గుట్టలో పడేశారు. నాగరత్నమ్మ దండ పట్టుకుని వచ్చింది. జుట్టు నెరిసినా ఆవిడ గొంతు తగ్గలేదు.

“తలుపు ఇప్పుడు మరీ సుళువైపోయింది మేడమ్. గాలొస్తే ధన్‌మని కొట్టుకుంటోంది, పసిగుడ్లు ఉలిక్కిపడుతున్నారు. దీనిక్కూడా పరిశోధన చెయ్యండి.”

మంజువాణి చాలాసేపు నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ గుట్ట దగ్గరికి వెళ్లి, నన్ను ఏరి తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టింది.

ఇప్పుడు నేను ఆ ఆరోగ్య కేంద్రంలో తలుపుకి ఆనుకుని కూర్చుంటాను. కింద నేల కదలదు. నొప్పులతో ఎవరైనా వస్తే నాగరత్నమ్మ నన్ను కాలితో పక్కకి జరుపుతుంది. తలుపు మెత్తగా పడుతుంది.